చేతివాటం కాదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు మధ్యాహ్నం సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1979లో ఇక్కడ పదో తరగతి పాసయ్యాను. తర్వాత వైద్యం చదివి నరాల జబ్బుల డాక్టర్నయ్యాను. మన కార్యదర్శి గారు నెల కిందట ఫోన్ చేసి, "డాక్టరమ్మా, ఆరోగ్యం మీద ఓ అరగంట మాట్లాడాలి. షుగరూ బీపీ మాత్రం వద్దు, పోయినేడాది ఆ రెండూ అయిపోయాయి" అన్నారు. సరేనని పక్షవాతం గురించి రాసుకొచ్చాను. ఆ కాయితాలు ఇవిగో, సంచిలోనే ఉన్నాయి. కానీ ఈ ఉదయం జరిగింది చూశాక వాటిని బయటికి తియ్యబుద్ధి కాలేదు.

పొద్దున ఫలహారాలయ్యాక మనమంతా చెట్ల కింద కబుర్లలో ఉన్నాం. పదిన్నర అయ్యుంటుంది. ఉన్నట్టుండి బడి గంట మోగింది. వరండా చివర వేలాడే ఆ పాత రైలుపట్టా ముక్కే. గణగణా ఆగకుండా మోగింది. మీలో సగం మంది లేచారు. కొందరు చేతిలో కాఫీ కప్పుతోనే వరండా వైపు నాలుగడుగులు వేశారు. అప్పుడు గుర్తొచ్చింది మీకు, మనకిప్పుడు క్లాసు లేదని. ఆగారు, ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకున్నారు.

గంట కొట్టింది మా అన్నయ్య. ఇదే బడిలో 1973 బ్యాచ్. మీలో చాలా మందికి తెలిసినవాడే. పక్క ఊరి సొసైటీలో గుమస్తాగా ముప్ఫయ్యేళ్లు చేసి రిటైరయ్యాడు. గంట ఎవరూ కొట్టమనలేదు. అక్కడ పట్టా ఉంది, పక్కన ఇనప కడ్డీ ఉంది, కొట్టాడు. ఎవరో వెళ్లి కడ్డీ లాక్కోబోతే ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. వెనకనించి ఒకాయన, "పెద్దాయనకి కాస్త తేడా చేసినట్టుంది" అన్నారు. ఆ మాట వదిన చెవిన పడింది.

అందుకే వదినని అడిగాను, "ఈ సంగతి సభలో చెప్పనా?" అని. "చెప్పమ్మా. ఒక్కొక్కరికీ చెప్పుకోలేక అలిసిపోయాను. నువ్వు అందరికీ ఒకేసారి చెప్పెయ్" అంది. అన్నయ్యా వదినా ఇద్దరూ అదుగో, ఆ కిటికీ పక్కన కూర్చున్నారు. ఆవిడ అనుమతితోనే మాట్లాడుతున్నాను.

ఇది మొదలై అయిదేళ్లు దాటింది. మొదట్లో ఒక పెళ్లిలో అన్నయ్య తన చెప్పులు కాక ఇంకొకరివి వేసుకుని వచ్చేశాడు. వదిన ఫోన్లో చెబితే, "చూసుకుని ఉండడులే" అన్నాను. మరో నెలకి బంధువుల ఇంట్లో గూట్లో ఉన్న దువ్వెన తీసుకుని తల దువ్వుకున్నాడట. వియ్యంకుడి కోసం తెచ్చి బల్ల మీద పెట్టిన కాఫీ తాగేశాడట. "రిటైరయ్యాక మగవాళ్లింతే వదినా, ఏం తోచదు" అన్నాను. ఇంకో నెలకి కిరాణా కొట్లో, గట్టు మీదున్న బిస్కెట్ ప్యాకెట్ విప్పి, అక్కడే నిలబడి తిన్నాడు. అప్పుడు వదిన గొంతు మారింది. "అమ్మాయ్, జనం చేతివాటం అంటున్నారు. నాకు తల ఎత్తుకోవాలంటే సిగ్గుగా ఉంది" అంది.

చేతివాటం. ఆ మాట బరువు మీకు చెప్పక్కర్లేదు. సొసైటీలో ముప్ఫయ్యేళ్లలో ఒక్క రూపాయి తేడా రానివ్వని మనిషి. లెక్క కుదరకపోతే రాత్రి పదింటిదాకా కూర్చుని కుదిర్చి వచ్చేవాడు. రైతులిచ్చే కూరగాయలు కూడా ఇంటికి తెచ్చేవాడు కాదు. అలాంటి మనిషిని ఊరు దొంగ అంటోంది. నాకు కోపం వచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ కోపం ఊరి మీద కాదు, అన్నయ్య మీద. పరువు తీస్తున్నాడని వచ్చింది. మెదడు జబ్బులకి వైద్యం చేస్తూ బతికేదాన్ని, నా సొంత అన్నయ్య విషయంలో ఊరివాళ్లు ఏమనుకున్నారో నేనూ అదే అనుకున్నాను.

ఆ తర్వాత మోటారు సైకిలు. బజార్లో ఎవరో తాళంచెవి బండికే వదిలేసి పక్క దుకాణంలోకి వెళ్లారు. అన్నయ్య బండెక్కాడు, స్టార్ట్ చేశాడు, వీధి చివరిదాకా వెళ్లాడు. అక్కడ పట్టుకున్నారు. సంగతి పోలీస్ స్టేషన్ దాకా పోయింది. వదిన రెండు గంటలు నిలబడి, అందరికీ దణ్ణాలు పెట్టి ఇంటికి తెచ్చుకుంది. ఆ రాత్రి బస్సెక్కి నేనొచ్చాను.

మర్నాడు పొద్దున నా సంచి బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లొచ్చాను. వచ్చేసరికి అన్నయ్య నా సంచిలోంచి బీపీ పట్టీ తీసి తన జబ్బకి చుట్టుకున్నాడు. చక్కగా, ఎలా చుట్టాలో అలాగే. నేనేమీ అనలేదు, ఎదురుగా కూర్చున్నాను. పట్టీ తీసి పక్కన పెట్టాడు. పక్కనే నా కళ్లజోడు ఉంది. తన కళ్లకి జోడుండగానే దాని మీద నాది పెట్టుకున్నాడు. తర్వాత గోళ్లు కత్తిరించే కట్టర్ కనబడింది, తీసి గోళ్లు తీసుకోవడం మొదలెట్టాడు.

"అన్నయ్యా, అవన్నీ ఎందుకు తీశావు?" అన్నాను.

నా వంక మామూలుగా చూసి, "ఇక్కడ ఉన్నాయి కదా" అన్నాడు.

ఆ జవాబు వినగానే నాకు ఒళ్లు చల్లబడింది. ఎందుకంటే అలాంటి జవాబు నేను వైద్య గ్రంథాల్లో చదివాను.

ఆ కథ ఇది. పారిస్‌లో ఫ్రాంస్వా లెర్మిత్ అని పెద్ద నరాల వైద్యుడు ఉండేవాడు. 1983లో ఆయన 'బ్రెయిన్' అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం రాశాడు. నుదుటి వెనక ఉండే మెదడు భాగం, అంటే ఫ్రంటల్ లోబ్ దెబ్బతిన్న కొందరు రోగుల్ని ఆయన ఒక చిత్రమైన పద్ధతిలో పరీక్షించాడు. ఎదురుగా కూర్చుని, ఏమీ మాట్లాడకుండా ఒక్కో వస్తువు వాళ్లకి అందేలా పెట్టేవాడు. గ్లాసూ నీళ్ల కూజా పెడితే రోగి నీళ్లు వంపుకుని తాగేవాడు. కళ్లజోడు ఇస్తే పెట్టుకునేవాడు. ఇంకొకటి ఇస్తే మొదటిది తియ్యకుండానే దాని మీద అదీ పెట్టుకునేవాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అవే వస్తువులిస్తే, "ఇదెందుకు? ఏం చెయ్యమంటారు?" అని అడుగుతారు. ఈ రోగులు అడగరు. ఎందుకు వాడావంటే, మీరిచ్చారు కదా, వాడాలనుకున్నాను అన్నట్టు చెప్పేవారు. ఈ లక్షణానికి లెర్మిత్ 'యుటిలైజేషన్ బిహేవియర్' అని పేరు పెట్టాడు. కనబడినదాన్ని వాడెయ్యడం అనుకుందాం మన మాటల్లో.

1986లో ఆయనా సహచరులూ 75 మంది రోగుల్ని పరిశీలించి మరో వ్యాసం రాశారు. ఆ ఏడే ఇంకో వ్యాసంలో ఆసుపత్రి బయట ఏం జరుగుతుందో చూశారు. ఒక రోగిని లెర్మిత్ తన ఇంటికే తీసుకెళ్లాడు. పడగ్గదిలో మంచం మీద పైదుప్పటి మడిచి, పడుకోడానికి సిద్ధం చేసి ఉంది. రోగి దాన్ని చూసి, బట్టలు విప్పుకుని ఆ మంచమెక్కి పడుకున్నాడు. పరాయి ఇల్లు, పగటి వేళ, పక్కన డాక్టరు. అవేవీ అడ్డు రాలేదు. మంచం ఉంది, పడుకోవాలి. మనిషి తన ఇష్టానికి కాక తన చుట్టూ ఉన్న వస్తువుల ఇష్టానికి నడుస్తున్నాడన్నమాట. దీన్ని ఆయన పరిసరాలకి పరాధీనమైపోవడంగా వర్ణించాడు.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. డాక్టరు చేతికందిస్తే, వాడమనే ఇచ్చాడేమో అని ఎవరైనా అనుకోవచ్చు కదా? ఆ సందేహమే లండన్‌లో టిమ్ షాలిస్‌కీ ఆయన సహచరులకీ వచ్చింది. వాళ్లు 1989లో ఒక రోగి గురించి రాశారు. అతను తెల్లవారుజామున ఎవరివో బూట్లు వేసుకుని, ఇంట్లో సామాన్లు జరుపుతూ, అల్మారాలు తెరుస్తూ, లైట్ల స్విచ్చులు వేస్తూ తీస్తూ తిరుగుతుంటే భార్య చూసింది. ఆసుపత్రిలో వీళ్లు అతనికి ఏ వస్తువూ అందించలేదు. వేరే పరీక్షలేవో చేస్తూ, కొన్ని వస్తువుల్ని ఊరికే బల్ల మీద వదిలేశారు. అతను చేస్తున్న పని మధ్యలో ఆపి పేకముక్కలు తీసుకున్నాడు, అక్కడున్నవాళ్లకి పంచాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ చూపించలేదు. కాబట్టి డాక్టర్ని మెప్పించడానికి చేసే పని కాదిది.

మరి ఎందుకు జరుగుతుంది? దీనికి జవాబు చెప్పాలంటే ముందు మన సంగతి చెప్పాలి. ఎందుకంటే వస్తువు పిలవడమన్నది రోగులకే కాదు, మనందరికీ ఉంది.

ఇటలీలోని పార్మాలో రిజొలాటీ అనే శాస్త్రవేత్త బృందం కోతుల మెదడుని పరిశీలించింది. చేతి పనిని నడిపించే చోట కొన్ని కణాలు ఉన్నాయి. కోతి వస్తువుని పట్టుకున్నప్పుడు అవి మేల్కొంటాయి, సరే. పట్టుకోవడానికి వీలైన వస్తువుని ఊరికే చూసినా మేల్కొంటాయి. అంటే చూడ్డంలోనే పట్టుకోవడం సగం మొదలైపోతోంది. మనుషుల మీద 1998లో టక్కర్, ఎల్లిస్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. తెర మీద పిడి ఉన్న వస్తువుల బొమ్మలు చూపించి, ఇది నిటారుగా ఉందా తలకిందులుగా ఉందా అని మాత్రమే అడిగారు. జవాబుకి కుడిచేత్తోనో ఎడమచేత్తోనో మీట నొక్కాలి. పిడి ఏ పక్కకుంటే ఆ పక్క చెయ్యి త్వరగా నొక్కింది. పిడి గురించి ఎవరూ అడగకపోయినా చెయ్యి దాన్ని చూసుకుంది.

మన ఊరి కాలవతో పోల్చి చెబుతాను. కాలవలో నీళ్లు ఎప్పుడూ కిందికే తోసుకొస్తాయి. ఎంత పోవాలో, ఎప్పుడు పోవాలో లాకుల దగ్గర తలుపులు చూసుకుంటాయి. మన మెదడు వెనక పక్కన, నడినెత్తికి వెనకగా ఉండే పెరైటల్ లోబ్ కళ్లు చూసినదాన్ని చేతి పనిగా మారుస్తుంటుంది. ఇది ఇంత దూరంలో ఉంది, ఇలా పట్టుకోవాలి, ఇలా తిప్పాలి అని. అది నీరు. నుదుటి వెనక ఉండే ఫ్రంటల్ లోబ్ లాకు తలుపు. ఇది నీది కాదు, ఇప్పుడు కాదు, ఇక్కడ కాదు అని ఆపేది అదే. తలుపు చెడితే నీరు తోసుకుపోతుంది. నీటిది తప్పా? కాలవది తప్పా? లెర్మిత్ చెప్పిన వివరణ ఇంచుమించు ఇదే.

పొద్దున గంట వినగానే మీరెందుకు లేచారు? గంట పిలిచింది. యాభయ్యేళ్ల కిందటి పిలుపు. నాలుగడుగులు వేశాక ఎందుకు ఆగారు? మీ లాకు తలుపు బాగుంది కనక. మీకూ మా అన్నయ్యకీ తేడా ఆ నాలుగడుగుల తర్వాత ఆగడంలో ఉంది. మొదటి నాలుగడుగుల్లో ఏ తేడా లేదు.

విలియం జేమ్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1890లోనే పరధ్యానం మనుషుల గురించి రాశాడు. విందుకి బట్టలు మార్చుకుందామని పడగ్గదిలోకి వెళ్లి, ఒక్కొక్కటే విప్పుతూ విప్పుతూ చివరికి మంచమెక్కి పడుకున్నవాళ్లున్నారట. అది పరధ్యానం. గుర్తు రాగానే నాలిక్కరుచుకుని లేచి వస్తారు. మీరు కూడా ఇప్పటినించి ఫోన్ ముట్టుకున్నప్పుడల్లా నాకీ జబ్బొచ్చిందేమో అని కంగారు పడకండి. ఆగమంటే ఆగగలిగినంత కాలం అది జబ్బు కాదు.

ఇంకో పోలిక కూడా చెప్పాలి. మెదడు దెబ్బతిన్న కొందరికి ఒక చెయ్యి తన మాట వినకుండా వస్తువుల్ని పట్టుకుంటుంది. వాళ్లు, "ఈ చెయ్యి నాది కాదు, దానంతటదే చేస్తోంది" అని వాపోతారు, రెండో చేత్తో దాన్ని ఆపుతారు కూడా. అన్నయ్య లాంటివాళ్లు అలా అనరు. తామే చేశామనుకుంటారు. అందులో వింతేమీ వాళ్లకి కనబడదు. అందుకే చూసేవాళ్లకి అది జబ్బులా కనబడదు. చెయ్యి వణకదు, కాలు తడబడదు, మాట ముద్ద కాదు. పని నీటుగా జరుగుతుంది. సిగ్గు లేని మనిషిలా కనబడతాడు, అంతే. వదినకి జరిగిన అన్యాయం అక్కడే ఉంది. మంచాన పడ్డ మొగుడికి సేవ చేస్తే అయ్యో అంటారు. పరాయి కాఫీ తాగిన మొగుడికి సేవ చేస్తే ఎవరంటారు?

ఆ రోజు బల్ల దగ్గర నేను ఇంకో పరీక్ష చేశాను. లెర్మిత్‌తో పనిచేసినవాళ్లలో పిలోన్ అని ఒకాయన ఉండేవాడు. ఆయనా, దుబోవా అనే వైద్యుడూ, ఇంకో ఇద్దరూ కలిసి 2000లో మంచం పక్కనే చెయ్యగల చిన్న పరీక్ష తయారు చేశారు. ఆరు అంశాలు, ఒక్కోదానికి మూడు చొప్పున మొత్తం 18 మార్కులు. చివరి అంశం చేతులది. రోగి అరచేతులు పైకి పెట్టి కూర్చుంటాడు. డాక్టరు ఏమీ అనకుండా తన చేతుల్ని ఆ అరచేతులకి తగిలిస్తాడు. పట్టుకోకపోతే మూడు మార్కులు. పట్టుకుంటే, "ఈసారి నా చేతులు పట్టుకోకండి" అని చెప్పి మళ్లీ తగిలిస్తాడు. అయినా పట్టుకుంటే సున్నా.

నా చేతులు తగిలించాను. అన్నయ్య పట్టుకున్నాడు. "అన్నయ్యా, ఈసారి పట్టుకోకు" అన్నాను. తలూపాడు. మళ్లీ తగిలించాను. మళ్లీ పట్టుకున్నాడు, గట్టిగా. కాలవ గట్టు మీద ఒకటో తరగతికి నన్ను ఇదే బడికి నడిపించుకొచ్చినప్పుడు ఎలా పట్టుకునేవాడో అలాగే. సున్నా మార్కు వేసి, చెయ్యి విడిపించుకోకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాను.

తర్వాత సిటీకి తీసుకెళ్లి ఎమ్మారై తీయించాం. మెదడు ముందు భాగం కుంచించుకుపోయి ఉంది. ఫ్రంటో టెంపొరల్ డిమెన్షియా అంటారు. మతిమరుపు జబ్బుల కుటుంబంలోదే, కానీ ఇందులో మొదట పోయేది మతి కాదు, మర్యాద. ఎక్కువగా 45, 65 ఏళ్ల మధ్యలో మొదలవుతుంది. పేర్లూ దారులూ లెక్కలూ చాలాకాలం గుర్తుంటాయి. అన్నయ్యకి ఇప్పటికీ సొసైటీ పాత ఖాతాదార్ల పేర్లు చెప్పగలిగినన్ని గుర్తున్నాయి. పోయేవి వేరే: ఎదుటివాళ్ల బాధ పట్టించుకోవడం, ఆగడం, సిగ్గుపడడం. తీపి మీద యావ పెరగచ్చు, చేసిందే చెయ్యచ్చు, ఏ పని మీదా ఆసక్తి లేకపోవచ్చు. ఈ జబ్బుని ఆపే మందు ఇవాళ్టికి లేదు. ఆ మాట వదినకి చెప్పడం నా వృత్తి జీవితంలో కష్టమైన పని.

అయితే ఒకటి గట్టిగా చెబుతాను. ఈ లక్షణం కనబడ్డ ప్రతివాళ్లకీ ఇదే జబ్బు కానక్కర్లేదు. మెదడు ముందు భాగానికి రక్తం అందించే నాళం మూసుకుపోయినా రావచ్చు. అలాంటిది గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో వస్తే అది పక్షవాతం కిందే లెక్క, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. తలకి దెబ్బ తగిలాక రావచ్చు. గడ్డ వల్ల రావచ్చు. మెదడు పైపొరల్లో పుట్టే మెనింజియోమా అనే గడ్డ చాలాసార్లు క్యాన్సరు కాదు, నిదానంగా పెరుగుతుంది, ఆపరేషన్ చేసి తీసెయ్యచ్చు. మనిషి తీరు మారి, తలనొప్పీ, వాసన తెలియకపోవడం తోడైతే మరీ ఆలస్యం చెయ్యకూడదు. నేను ఫోన్లో "ఏం తోచదులే" అంటూ నెలలు గడిపాను. మా అన్నయ్యకి గడ్డే అయ్యుంటే ఆ నెలలు ప్రాణం మీదికి తెచ్చేవి. యాభై దాటిన మనిషి గుణం ఉన్నట్టుండి మారితే, "ఈయన అసలు రంగు బయటపడింది" అనకండి. ముందు స్కాన్ తీయించండి.

ఇక మందు లేనప్పుడు చేసేదేముంది? చాలా ఉంది. వదిన నాకు నేర్పిన సంగతులు చెబుతాను, ఇందులో డాక్టరు నేను కాదు, ఆవిడ.

మొదట్లో అందరం, "ముట్టుకోకు, అది మనది కాదు" అని చెప్పేవాళ్లం. తలూపేవాడు, మళ్లీ తీసేవాడు. ఒక రోజు వదిన, "ఆయన్ని మార్చడం నా వల్ల కాదు గానీ, గది మార్చడం నా చేతిలో ఉంది" అంది. ఆ రోజునించి ఇంట్లో బల్ల ఖాళీగా ఉంటుంది. అగ్గిపెట్టె, కత్తిపీట, మందుల డబ్బా, బండి తాళాలు అల్మారాలో, తాళం వదిన కొంగున. గ్యాస్ సిలిండర్ వంట అవగానే కట్టేస్తుంది. స్విచ్ బోర్డు మీద కాలెండరు వేలాడదీసింది. కనబడనిది ఆయన్ని పిలవదు.

రెండోది, అదే లక్షణాన్ని మన పనికి వాడుకోవడం. స్నానానికి వెళ్లమంటే కదలడు. చెంబూ సబ్బూ తువ్వాలూ కనబడేలా పెట్టి బాత్రూం తలుపు తెరిచి ఉంచితే వెళ్లి స్నానం చేసి వస్తాడు. అన్నానికి రమ్మంటే రాడు, కంచం ఎదురుగా పెడితే తింటాడు. పొద్దుటిపూట ఒక చేటలో వేరుశనక్కాయలు పెడుతుంది, కూర్చుని వలుస్తాడు. ఉతికిన తువ్వాళ్లు పెడితే మడత పెడతాడు, అంచులు కలిపి, ఖాతా పుస్తకం సర్దినట్టు. ఒకసారికి ఒకటే వస్తువు. నాలుగు పెడితే నాలుగింటి మధ్యా నలిగిపోతాడు.

మూడోది, చేతిలోది లాక్కోకూడదు. ఇలాంటివాళ్లకి చంటిపిల్లల పిడికిలి తిరిగొస్తుంది. లాగే కొద్దీ పట్టు బిగుస్తుంది. పొద్దున గంట దగ్గర జరిగిందదే. ఇంకో వస్తువు చేతికందిస్తే మొదటిది దానంతటదే వదిలేస్తాడు. పొద్దున వదిన వెళ్లి మజ్జిగ గ్లాసు అందించింది. కడ్డీ కిందపెట్టి మజ్జిగ తాగాడు. మీరంతా చూశారు.

నాలుగోది ఊరు. వదిన కిరాణా కొట్టుకీ, మందుల షాపుకీ, మంగలి షాపుకీ వెళ్లి చెప్పింది: "ఈయనకి మెదడు జబ్బు. ఏదన్నా తీస్తే అరవకండి, చీటీలో రాసుకోండి, సాయంత్రం నేనిస్తాను." మొదట ఆవిడకి నోరు పెగల్లేదు. ఇప్పుడు కొట్టు కుర్రాడే అన్నయ్య వస్తే గట్టు మీద సామాను వెనక్కి జరిపి, ఒక చిన్న బిస్కెట్ ప్యాకెట్ మాత్రం ముందు పెడతాడు. రోజూ అదే తీస్తాడు, అయిదు రూపాయలు. ఆ కుర్రాడు ఏ వైద్య గ్రంథమూ చదవలేదు. దొంగ అన్న ఊరే ఇవాళ కాపలా కాస్తోంది. అంతా అని చెప్పను, కొందరు.

చివరిగా, మీలో ఎవరి ఇంట్లోనైనా, ఎవరి వీధిలోనైనా ఇలాంటి మనిషి ఉండచ్చు. ఎక్కడో ఒక కోడలు మామగారి గురించి ఎవరికీ చెప్పుకోలేక తలుపు వేసుకుని ఉండచ్చు. ఒక భార్య భర్తని పెళ్లిళ్లకి తీసుకెళ్లడం మానేసి ఉండచ్చు. వాళ్లకి ఈ ఒక్క మాట చేరవెయ్యండి. ఇది చేతివాటం కాదు, పెంపకం లోపం కాదు, ముసలితనంలో పుట్టిన దురాశ కాదు. లాకు తలుపు చెడింది. డాక్టరుకి చూపించండి, గది సర్దండి, మనిషిని వెలెయ్యకండి.

నాకు మీతో ఒక పని కూడా ఉంది. సాయంత్రం సభ ముగిసి జనగణమన పాడాక, ఆనవాయితీగా ఇంటి గంట కొడతారు. దాన్ని మా అన్నయ్య చేత కొట్టించండి. పొద్దున ఆ కడ్డీ ఆయన్ని పిలిచింది. సాయంత్రం మీరు పిలవండి. ఆపాల్సి వచ్చినప్పుడు లాక్కోకండి, ఒకరు ముందుకొచ్చి చెయ్యి చాపండి చాలు. కడ్డీ వదిలేసి మీ చెయ్యి పట్టుకుంటాడు.